పొత్తు మేడలో పాడుపెట్టిన ఇల్లు

అన్నం వార్చిన గంజి గిన్నెతో నా తోడబుట్టిన అప్ప ఈశ్వరి గోడ దగ్గర గొంతుకూర్చుని ఉంది. నేలకు జానెడు ఎత్తున ఆ గోడలో సబ్బుపెట్టె అంత తొట్టి ఉంటుంది. గంజి చల్లారిందో లేదో చిటికెన వేలు ముంచి చూసి, కింద ఒలకకుండా మెల్లగా తొట్టిలోకి వంచుతోంది. వేడిగా పోస్తే గోడలో జీవాలు చచ్చిపోతాయని చెప్పింది నేనే. అవి కంటికి కనిపించేవి కావు. అయినా ఆ మేడలో అందరూ వాటిని పురుగులనే అనేవారు.

"తాగమ్మా, తాగు," అంది గోడతో.

మంచం మీద పడుకున్న మా బావ సూరిబాబు నవ్వాడు. "మొగుడికి టీ నేదు గానీ గోడకి గంజి."

"నీకు పోస్తే బొజ్జ పెరుగుతాది. దానికి పోస్తే గది పెరుగుతాది."

"ఏటే పైడీ, ఈ వారం ఎంతిచ్చినాది మనకి?"

నేను స్కేలు పెట్టి కొలిచి సుద్దముక్కతో కొత్త గీత గీశాను. బుధవారం పొద్దున్న నా పని అదే. నాలుగో అంతస్తులో పన్నెండు ఇళ్ళ గోడలు కొలిచి ఆఫీసుకు పంపాలి. "రెండంగుళాలు బావా."

"అమ్మా, ఇన్నావా? రెండంగుళాలు. కాళ్ళు బార్లా సాపుకో ఇంక."

బావ తల్లి ఎర్నమ్మ ఆ మూల కూర్చుని మనవరాలు లిఖితకు జడ వేస్తోంది. తల ఎత్తలేదు. "పక్కింట్లో ఆ ఓడ మీద పనిసేసీ అతను నేడని, ఆడి జాగా తీసి మనకిస్తంటే నవ్వుతావేట్రా?"

"నాను తీసినానేటి? గోడ తీసినాది."

అందరం నవ్వాం. అత్త కూడా నవ్వింది.

ఆ మేడకు శిలాఫలకం మీద ఏదో పెద్ద పేరుంది. జనం పొత్తు మేడ అన్నారు. స్థలం ప్రభుత్వానిది, పెట్టుబడి కంపెనీది, ప్లాను గీత మా ఆఫీసు మేడమ్‌ది. గోనె సంచుల మిల్లు మూతపడ్డాక ఆ మిల్లు పనివాళ్ళుండే లైన్లు పడగొట్టి, అక్కడ ఉన్నవాళ్ళందరికీ పద్నాలుగు అంతస్తుల్లో ఇళ్ళు ఇచ్చారు. రోడ్డు వైపు భాగంలో షాపులు వచ్చాయి. అవి ముప్పై ఏళ్ళు కంపెనీవి. మా బావ వాళ్ళ నాన్న ఆ మిల్లులో చేసినవాడు కాబట్టి బావకు ఇల్లు వచ్చింది. నాకు మేడమ్ ఆఫీసులో ఉద్యోగం రావడానికి దానితో సంబంధం లేదు.

నేను మా ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివి, పాలిటెక్నిక్‌లో డ్రాఫ్టింగ్ నేర్చుకున్నాను. ఇంటర్వ్యూలో కాత్యాయని మేడమ్ నన్ను ఒక గదిలో పది నిమిషాలు కూర్చోబెట్టి, తర్వాత పిలిచి ఏం చూశావని అడిగారు. స్విచ్చు బోర్డు కింద గోడ మాసి ఉందని, అంటే పొట్టివాళ్ళెవరో రోజూ లైటు వేస్తారని చెప్పాను. కిటికీ పక్క కుర్చీలో ఎవరూ కూర్చోరని కూడా చెప్పాను. మేడమ్ నా సర్టిఫికెట్లు తిరిగి ఇచ్చేసి, సోమవారం రమ్మన్నారు.

"నీ పని గీయడం కాదు పైడితల్లీ. చూడడం."

రెండేళ్ళు మిల్లు లైన్లలో కూర్చుని చూశాను. ఒక్కో ఇంట్లో ఎవరు ఎక్కడ పడుకుంటారు, ఎక్కడ తింటారు, ఎవరు ఎవరికి చోటిచ్చి లేస్తారు, అన్నీ రాసుకున్నాను. ఒక గదిలో తొమ్మిది మంది ఉండేవారు. పక్క గది తాళం వేసి ఉండేది, ఎవరో ఎప్పుడో వదిలి వెళ్ళింది. మేడమ్ ఆ తాళం ముందు నిలబడి, దాన్ని చేత్తో పట్టుకుని చూశారు. గోడ ఆలోచన అక్కడే పుట్టిందని నా నమ్మకం.

ఆ గోడలో ఇటుక ఉండదు. నారతో అల్లిన వల, ఆ వల నిండా సున్నం తినే, సున్నం కక్కే జీవాలు. మనిషి అడుగుల అదురు, ఒంటి వెచ్చదనం, వదిలిన ఊపిరి తగిలే వైపు అవి సున్నాన్ని కరిగిస్తాయి. ఏమీ తగలని వైపు అదే సున్నాన్ని పేరుస్తాయి. ఒక పక్క కరిగి, ఇంకో పక్క పెరుగుతుంది. అంటే గోడ కదులుతుంది, వారానికి అంగుళమో రెండో. ఎవరూ లేనిచోటు నుంచి ఎక్కువమంది ఉన్నచోటుకు కాస్త జాగా నడిచి వస్తుంది.

మొదటి పరీక్షకు మనిషిని నేనే. షెడ్డులో రెండు గదులు కట్టి మధ్య ఆ గోడ పెట్టారు. ఒకదాంట్లో నేను నలభై రోజులు ఉన్నాను, రెండోది ఖాళీ. రోజూ గంజి పోశాను. మొదటి పదిహేను రోజులు ఏమీ కాలేదు. పదహారో రోజు పొద్దున్న చాప అంచుకూ గోడకూ మధ్య నా వేలు దూరింది. మేడమ్‌ను పిలిచాను. ఆవిడ వచ్చి, తన వేలు పెట్టి చూసి, ఆ చాప మీదే కూర్చుండిపోయారు. కళ్ళు తుడుచుకోవడానికి రుమాలు లేక నా చున్నీ అంచు అడిగారు.

తర్వాత భాగస్వాములు వచ్చారు. గోడ చూసి చాలా బాగుందన్నారు. ఒప్పందంలో రెండు మాటలు చేర్చారు. ఒకటి, తొంభై రోజులు మనిషి అలికిడి లేని ఇంటిని గోడ ఇక నెమ్మదిగా కాక వేగంగా, వారానికి తొమ్మిది అంగుళాల చొప్పున మూసేయాలి. రెండు, అలా మిగిలిన జాగా పక్కింటికి కాకుండా, వలలోని సున్నపు కాలవల గుండా సర్దుకుంటూ రోడ్డు వైపు షాపులకు పోవాలి. మేడమ్ ఒప్పుకోలేదు. వారం తర్వాత ఒప్పుకున్నారు. ఒప్పుకోకపోతే ఆ లైన్ల స్థలంలో మామూలు గోడలతో మామూలు మాల్ కడతామన్నారట.

ఆ తొంభై రోజుల మాట మీద మీటింగు పెట్టారు. మునిసిపాలిటీ ఇంజనీరు, కంపెనీ మేనేజరు, మా మేడమ్, బయటి నుంచి వచ్చిన కన్సల్టెంట్లు నలుగురు. మిల్లు జనం ఇల్లు ఏ కారణాల వల్ల ఖాళీగా ఉంచుతారో చెప్పమని నన్ను నిలబెట్టారు. నా నోటుబుక్కులో వరుసగా రాసుకుని వెళ్ళాను. ఎండాకాలం మేడ మీద పడుకుంటారని చెప్పాను. పురుటికి పుట్టింటికి వెళ్తారని చెప్పాను. తలలూపారు. ఆషాఢంలో కొత్త కోడలు అత్తారింట్లో ఉండదని చెప్పాను. ఒక కన్సల్టెంటు పెన్ను కింద పెట్టి, "ఆషాఢానికి కూడా మా గోడ ఆగాలా అమ్మా? ఇంకా ఏమున్నాయి, అమావాస్యలు, గ్రహణాలు?" అన్నాడు. చెడ్డగా అనలేదు. గది అంతా నవ్వింది. నేనూ నవ్వాను.

ఆ పేజీలో తర్వాతి మాట, పాడుపెట్టడం. చెడ్డ నక్షత్రంలో మనిషి పోతే ఆ ఇంటిని నెలల తరబడి దీపం పెట్టకుండా, అడుగు పెట్టకుండా వదిలేస్తారు. మా ఊళ్ళో అందరికీ తెలుసు. మిల్లు లైన్లలో తాళం వేసి ఉన్న ఇళ్ళలో కొన్ని అలాంటివే. నేను ఆ మాట మీద వేలు పెట్టుకుని, "అంతేనండి," అన్నాను.

బావ శివరాత్రి మర్నాడు పొద్దున్న పోయాడు. జాగారం చేసి వచ్చి, మంచం మీద కూర్చుని చొక్కా గుండీలు విప్పుతూ, అప్పను మంచినీళ్ళు అడిగాడు. ఆమె గ్లాసు తెచ్చేసరికి పక్కకు ఒరిగి ఉన్నాడు. ముప్పై ఎనిమిదేళ్ళు.

సిద్ధాంతి పంచాంగం తిప్పి ధనిష్ఠ అన్నాడు. ఆరు నెలలు.

పన్నెండో రోజు అయ్యాక ముగ్గురూ నేను అద్దెకుండే పోర్షన్‌కు వచ్చేశారు. ఎర్నమ్మత్త ఎక్కడినుంచో రేగుకంప తెప్పించి ఆ తలుపుకు అడ్డంగా కట్టింది. సెక్యూరిటీ అతను ఒప్పుకోలేదు. కారిడార్లో ముళ్ళేమిటి, ఎవరికైనా గుచ్చుకుంటే అని.

"నా కొడుకు సచ్చిపోనాడు బావూ. నీకు ముల్లు గుచ్చుకుంటే నాను తీస్తాను, రా," అంది అత్త. అతను పక్కకు తప్పుకున్నాడు.

ఆ కంప కడుతుంటే పురికొస పట్టుకుని నిలబడింది నేనే. తొంభై రోజులన్న సంగతి అప్పుడే నాకు గుర్తుంది. కానీ నేను ఆఫీసు మనిషిని, ఒక కాగితం రాస్తే సరిపోతుందనుకున్నాను.

కాగితం మర్నాడే రాశాను. కంపెనీ కౌంటర్లో గైర్హాజరు ఫారం ఇచ్చారు. దాంట్లో కారణం గళ్ళు నాలుగే ఉన్నాయి: ఆసుపత్రి, ఉద్యోగ బదిలీ, పురుడు, కోర్టు ఉత్తర్వు. పురుడు గడి నేను చెప్పడం వల్ల వచ్చిందే. మిగిలిన చోట చేత్తో రాసి ఇచ్చాను. మేనేజరు చదివి, ఇది ఆచారం కిందికి వస్తుంది, ఆచారాలు ప్రజాసంబంధమైనవి, మునిసిపాలిటీ చూడాలి అన్నాడు. మునిసిపాలిటీ ఇంజనీరు మంచివాడు, టీ తెప్పించాడు. "స్థలం వరకే మాదమ్మా. గోడ పనితీరు కంపెనీది," అన్నాడు. ఇద్దరూ కలిసి తేల్చాల్సినవి ఉమ్మడి కమిటీ చూస్తుందట. కమిటీ మళ్ళీ ఆగస్టు నెలాఖరున కూర్చుంటుందట. కాగితం మీద ముద్ర వేసి నా చేతికిచ్చారు.

మే నెలలో తొంభై రోజులు నిండాయి. ఆ తర్వాతి బుధవారం కారిడార్ వైపు కిటికీలోంచి టార్చి వేసి చూశాను. నేను గీసిన సుద్ద గీతలు కనిపించలేదు. గోడ వాటిని దాటి వచ్చింది. గది ఇంకా పది అడుగులు మిగిలి ఉంది. మనసులో భాగించుకున్నాను. పదమూడు వారాలు. పాడు తీరే రోజుకు సరిగ్గా గది తీరిపోతుంది.

మేడమ్ దగ్గరికి వెళ్ళాను. షెడ్డులో పాత గోడ పక్కన కూర్చుని ఉన్నారు. అంతా విని, "ఒక్క ఇంటి గోడ ఆపలేం పైడితల్లీ," అన్నారు. "అన్ని అంతస్తులకూ కాలవ ఒకటే. అక్కడ ఆపాలంటే ఆ వరస మొత్తం గంజి ఆపి, జీవాల్ని చంపాలి. చచ్చిన గోడ బరువు మోయదు. మీద పది అంతస్తులున్నాయి."

"మళ్ళీ వెనక్కి నడిపించలేమా అండి?"

"మనుషులు ఉంటే అదే వెనక్కి వెళ్తుంది. లోపల ఎవరైనా రోజుకు ఆరు గంటలు ఉంటే చాలు, ఆగుతుంది. మానేస్తే మళ్ళీ అదే వేగంతో మూసుకుంటుంది. వెళ్ళి ఉండమను."

"ఉండకూడదండి."

మేడమ్ నన్ను చూశారు. "ఈ ఆచారం నీకు ముందే తెలుసా?"

"తెలుసండి."

ఆవిడ తిట్టలేదు. గోడ మీద అరచెయ్యి ఆనించారు. "నేను ఆ రోజు మీటింగులో నవ్వాను కదూ," అన్నారు. మేడమ్ ఆ రోజు నవ్వారు.

ఇంటికి వచ్చి అప్పకూ అత్తకూ ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అప్ప పిండి కలుపుతున్నది ఆపేసింది.

"మరి మిషను?" అంది. ఆమె బట్టలు కుట్టే మిషను ఆ ఇంట్లోనే ఉంది. "అత్తా, ఒక్క మిషను తెచ్చీసుకుందుం. ఇల్లు పోతే పోనీ, ఏటి కుట్టుకుని తింటాం?"

"పాడింట్లోంచి గుండుసూది తెచ్చినా ఆ పాడు ఎనకాలే వస్తాది," అంది అత్త. "ఒక్కడు పోనాడు సాలదా? పిల్ల ఉన్నాది ఇంట్లో."

"అత్తా, నాను ఎల్లి కూకుంటాను," అన్నాను. "నాది మీ ఇంటిపేరు కాదు గదా. నాకు పట్టదు."

"నీ ఇంటిపేరు సావుకి తెలుస్తాదేటే గుంటా? ఎల్లి కూకుని, సాయంత్రం మళ్ళీ ఈ కొంపలోకే గదా వస్తావు."

నెలన్నర ఆగి, ఇంక ఉండబట్టక నేను వెళ్ళాను. వాళ్ళకు చెప్పలేదు. పొద్దున్న ఐదింటికే ఆఫీసు పని అని బయలుదేరి, కంప పక్కకు జరిపి తాళం తీసి లోపల కూర్చునేదాన్ని. ఆఫీసులో అడిగి మధ్యాహ్నాలు కూడా సెలవు పెట్టాను. గది సగానికి సగం అయి ఉంది. కొత్త గోడ గుడ్డు పెంకులా నున్నగా, తెల్లగా ఉంది. దండెం మీద బావ తువ్వాలు సగం బయటికి వేలాడుతోంది, మిగతా సగం సున్నంలో ఉంది. మిషను ఇంకా బయటే ఉంది, గోడకు రెండు జానల దూరంలో. నేను నడిచేదాన్ని. గట్టిగా అడుగులు వేసేదాన్ని, గోడకు దగ్గరగా ముఖం పెట్టి ఊపిరి వదిలేదాన్ని. నాలుగో రోజుకు గోడ ఆగింది. ఎనిమిదో రోజుకు కింది అంచు మెత్తబడి, వేలితో గీస్తే పొడి రాలింది. నలభై రోజుల పరీక్షలో కూడా నాకు అంత సంతోషం కలగలేదు.

పదకొండో రోజు లిఖిత కళ్ళు పచ్చబడ్డాయి.

డాక్టరు కామెర్లన్నాడు. నీళ్ళ వల్ల వస్తుంది, ఆ వీధిలో ఇంకో నలుగురు పిల్లలకు ఉంది, మూడు వారాల్లో తగ్గిపోతుందన్నాడు. నాకు అదంతా అర్థమైంది. అత్త నా చెప్పుల అడుగున అంటిన తెల్లటి పొడిని చూసింది.

కుళాయి దగ్గర నేను బిందె పట్టుకుని నిలబడితే వచ్చి పక్కన నిలుచుంది. అరవలేదు.

"పైడీ, నువ్వు సదువుకున్నావు. నాను సదువుకోనేదు. ఆ ఇల్లు నా మొగుడు ముప్పై ఏళ్ళు గోనె దుమ్ము తాగితే వచ్చినాది. అది పోతాదని నాకు ఏడుపు రాదనుకున్నావేటి? కానీ నువ్వు సెప్పు. ఆ గుంట పిల్ల కళ్ళు సూసి సెప్పు. ఇదంతా ఒట్టిదే, ఏటీ అవదు, నువ్వెల్లి కూకో అని నాను అనొచ్చా? నువ్వు ఒట్టేసి సెప్తే అనీస్తాను."

బిందె నిండి పొర్లింది. నేను ఒట్టు వేయలేకపోయాను. నీళ్ళ వల్లే వచ్చిందని నాకు తెలుసు. తెలిసినా వేయలేకపోయాను. నేను కూడా ఆ ఊళ్ళోనే పుట్టాను.

మర్నాటి నుంచి వెళ్ళలేదు.

ఆ తర్వాత బుధవారాలు ఒక్కొక్కటీ వచ్చాయి. కిటికీలోంచి చూసి కొలత పంపేదాన్ని. ఐదడుగులు. నాలుగుంబావు. మొదట్లో ఇంటికి రాగానే అప్ప అడిగేది, "మిషను కనబడతందా?" అని. కనబడుతోందని చెప్పేదాన్ని. ఒక బుధవారం మిషను చక్రం మాత్రమే కనిపించింది. ఆ రోజు ఆమె అడిగినప్పుడు కరెంటు లేదు, సరిగా కనబడలేదు అన్నాను. మళ్ళీ అడగలేదు.

పక్కిళ్ళ వాళ్ళు రోజూ గంజి పోస్తూనే ఉన్నారు. వాళ్ళను పోయొద్దని ఎలా అంటాను? పోయకపోతే వాళ్ళ గోడలు చస్తాయి. మాకు ఏదో మేలు చేస్తున్నామనుకుని, పైఇంటి ఆవిడ మా వాటా గంజి కూడా తనే పోస్తోంది. "మీవోళ్ళు వచ్చీ వరకు గోడని మాడ్చకూడదు గదమ్మా," అంది నాతో. ఆవిడకు దండం పెట్టాను.

రోడ్డు వైపు చెప్పుల షాపు హాలు పది అడుగులు పెరిగిందని కొలతల్లో వచ్చింది. అక్కడ అద్దాల బీరువాలు తెచ్చి పెట్టారు.

శ్రావణం చివర పాడు తీరింది. సిద్ధాంతి మంచి గడియ చెప్పాడు. అత్త పసుపు, చీపురు, కొత్త దీపం కుంది తీసుకుంది. అప్ప పాలగిన్నె పట్టుకుంది. లిఖిత కోలుకుంది, కొత్త గౌను వేసుకుని మెట్లు లెక్కపెడుతూ ఎక్కింది. నేను వెనక నడిచాను. ఎంత మిగిలి ఉందో నాకు తెలుసు. దారిలో నాలుగైదుసార్లు చెబుదామనుకున్నాను.

అత్త కంప విప్పింది. అప్ప తాళం తీసింది. తలుపు జానెడు లోపలికి వెళ్ళి దేనికో తగిలి ఆగింది.

సందులోంచి తెల్లగా కనిపించింది. అంతే, తెల్లగా. నేలనుంచి పైకప్పు దాకా మచ్చలేని సున్నపు రాయి. అప్ప చెయ్యి దూర్చి తడిమింది. ఒకచోట ఆమె వేళ్ళు ఆగాయి. మంచం కోడు చివర, బొటనవేలంత, బయటికి మిగిలి ఉంది. ఆమె దాన్ని పట్టుకుని లాగింది. పాలగిన్నె చేతిలోంచి జారింది.

"ఎచ్చగా ఉన్నాదే," అంది నావైపు తిరిగి. "గోడ ఎచ్చగా ఉన్నాదే పైడీ."

అవి పని చేసేటప్పుడు వేడి పుడుతుంది. ఆ మాట చెప్పలేదు.

తలుపు కింద నోటీసు ఉంది. నివాసయోగ్యమైన కనీస వైశాల్యం లేనందున గృహాన్ని లబ్ధిదారు స్వచ్ఛందంగా అప్పగించినట్లు భావించడమైనది. కింద రెండు సంతకాలు, ప్రభుత్వం తరఫున ఒకటి, కంపెనీ తరఫున ఒకటి. పక్కపక్కన, ఒకే సిరాతో. వారం తర్వాత ఉమ్మడి కమిటీ కూర్చుంది. గైర్హాజరు ఫారంలో మరణానంతర ఆచారం అని ఐదో గడి చేర్చారు. ఇకపైన జరిగే వాటికి మాత్రమే వర్తిస్తుందన్నారు. ఆ గడి పెట్టించడానికి మేడమ్ రాజీనామా కాగితం బల్ల మీద పెట్టారట. గడి పెట్టారు, కాగితమూ తీసుకున్నారు.

ఆ కబురు తీసుకుని నేను మధ్యాహ్నం ఇంటికి వచ్చాను. అప్ప నేల మీద కూర్చుని చేత్తో ఎవరిదో జాకెట్టుకు హుక్కులు కుడుతోంది. అత్త గుమ్మం దగ్గర మినపపప్పు చెరుగుతోంది. లిఖిత పలక మీద బొమ్మలు గీస్తోంది. నేను చెప్పిందంతా అప్ప తల వంచుకునే వింది. సూది ఆపి, దారం పంటితో తెంపింది.

"అయితే ఇంక రాదు."

"రాదప్పా."

"ఇన్నావా అత్తా? రాదంట." చేతిలోని జాకెట్టు పక్కకు విసిరింది. "మిషనైనా తెచ్చుకుందుమన్నానా? కాళ్ళట్టుకున్నానా నేదా? గుండుసూది కూడా తేకూడదన్నావు. ఇది ఎల్లి కూకుని గోడ ఆపీసినాది గదా, పిల్లకి కామెర్లొస్తే దీన్నీ ఆపీసినావు. నీ కొడుకు పోనాడు, ఇల్లు నువ్వు పోగొట్టినావు. నీ నచ్చత్రమే మింగీసినాది మమ్మల్ని. ఆడు ఒక్కసారే సచ్చినాడు. నువ్వు మమ్మల్ని రోజూ సంపుతున్నావు."

అత్త చేట ఆపలేదు. పప్పు ఎగిరి పడుతూనే ఉంది.

"అప్పా," అన్నాను. ఆమె నావైపు తిరగలేదు. మళ్ళీ అన్నాను. "అప్పా, తప్పు ఆవిడది కాదు. నాది. గోడ కట్టక ముందే నన్ను నిలబెట్టి అడిగినారు, జనం ఇల్లు ఎందుకు వదిలీస్తారని. పాడుపెట్టడం నాకు తెలుసు. పుస్తకంలో రాసుకున్నాను కూడా. సిగ్గేసి సెప్పనేదు. ఆ రోజు సెప్పుంటే ఆ గడి అప్పుడే పెట్టీవోరు. మన ఇల్లు ఉండేది."

అప్ప నన్ను చూసింది. ఆమె కొడుతుందనుకున్నాను. కొట్టాలనే కోరుకున్నాను. ఆమె నవ్వింది, అలసటగా, చిన్నపిల్ల అబద్ధాన్ని పట్టుకున్నట్టు.

"నువ్వు సెప్తే? నువ్వు సెప్తే ఆళ్ళు ఇంటారేటే? ఆళ్ళ కుర్చీలేటి, నువ్వేటి? ముసిల్దాన్ని కాయడానికి నీ నెత్తి మీద ఏసుకోకు పైడీ."

"నిజమప్పా. పురుడు గడి నాను సెప్తేనే పెట్టినారు."

"ఒల్లకో," అంది, ఇంక చాలన్నట్టు చెయ్యి ఊపుతూ. "నీ వల్ల ఏటవుతాది పిచ్చి గుంటా." మళ్ళీ అత్తవైపు తిరిగింది. "ఏటి, నోరు పడిపోనాదా? కంప కట్టిన రోజు ఉన్నాది గదా నోరు?"

నేను అత్త దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. "అత్తా, నువ్వైనా ఇను. నిజం." ఆవిడ నా ముఖంలోకి చూసింది. నమ్మిందో లేదో నాకు తెలియలేదు. మనుషుల్ని చూడడమే నా ఉద్యోగం. ఆ ముఖం నాకు తెలియలేదు.

చేటలో మిగిలిన పప్పు డబ్బాలో పోసి మూత బిగించింది. పొట్టు ఊడ్చి బయట పారేసింది. ముఖం కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. లిఖిత పలక ఎత్తి, "నానమ్మా, ఎక్కడికే?" అంది. అప్ప జాకెట్టు మళ్ళీ ఒళ్ళోకి తీసుకుని, సూదిలో దారం ఎక్కించడానికి వెలుతురు వైపు తిరిగింది. దారం బెజ్జంలోకి దూరడం లేదు.

ఎర్నమ్మత్త చెప్పులు వేసుకుంది. గేటు గడియ తీసి, బయటికి వెళ్ళి, చప్పుడు కాకుండా మళ్ళీ దగ్గరగా వేసి, ఎండలో నడిచి వెళ్ళిపోయింది.